నత్తబాబు జోరు

హెలికాప్టర్ నడిపే మనిషికి నత్తబాబు అని పేరేమిటని నవ్వుతారేమో. నవ్వండి, తప్పులేదు. ఆ పేరు పెట్టింది సాక్షాత్తూ పిల్లనిచ్చిన మామగారే. అల్లుడు కారు తీస్తే సైకిళ్లు బెల్లు కొట్టి మరీ దాటిపోయేవి. భోజనానికి కూర్చుంటే అందరూ లేచిపోయినా ఆయన ఇంకా నములుతూనే ఉండేవాడు. "నిదానమే ప్రధానం అన్నారు గానీ, మరీ ఇంత ప్రధానమా?" అని మామగారు వచ్చినప్పుడల్లా దెప్పేవారు. నత్తబాబు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునేవాడు.

ఆయన ఉద్యోగం కొండల మీది కరెంటు తీగల వెంట ఎగరడం. పక్క సీట్లో ఇన్‌స్పెక్టరు కూర్చుని తీగలు చూస్తాడు. ఇంట్లో మాత్రం ఆలుమగలకు ఒక వింత ఆట ఉండేది. ఆయన టీ తాగుతుంటే భార్య వంటింట్లోంచి హఠాత్తుగా "తోక పంకా ఆగిపోయింది!" అని కేకేసేది. ఆయన కప్పు వదిలేసి, ఎడమచేత్తో లేని లివరు పట్టుకుని, దాని పిడి మెలితిప్పి ఇంజన్ జోరు తగ్గించి, "దిగాను" అనేవాడు. పై రెక్కలు ఒకవైపు తిరుగుతుంటే హెలికాప్టర్ ఒళ్లు రెండోవైపు తిరగాలని చూస్తుంది. దాన్ని ఆపేది తోక చివరి చిన్న పంకాయే. అది ఆగితే, తిప్పుతున్న ఇంజన్ బలాన్నే తీసెయ్యాలి. బుర్రకు తెలిస్తే చాలదు, చేతులకు తెలియాలి కదా! ఈ తంతు చూసిన మామగారు కూతుర్ని పక్కకు పిలిచి, "డాక్టరుకు చూపించావుటే?" అని అడిగారు.

ఆ మామగారూ తీగల ఇన్‌స్పెక్టరే, కాకపోతే ఎప్పుడూ నేల మీంచే చూసేవారు. ఒకరోజు గాల్లో చూడాల్సినవాడికి జ్వరం వచ్చింది. ఆయనే వెళ్లక తప్పలేదు.

"సాయంత్రానికైనా తిరిగొస్తామా, అల్లుడుగారూ?" అన్నారు బెల్టు బిగించుకుంటూ.

కొండ దాటుతుండగా వెనక టప్పుమంది. ముక్కు విసురుగా కుడికి తిరిగింది. నత్తబాబు చెయ్యి అలవాటుకొద్దీ పిడి మెలితిప్పబోయింది. తిప్పేసేవాడే! కానీ వాళ్ల ఆటలో హెలికాప్టర్ ఎప్పుడూ నేలకు దగ్గరగా, ఉన్నచోటే నిలబడి ఉండేది. ఇక్కడ కిందంతా అడవి, తీగలు. ఇంజన్ తీసేస్తే దిగేది చెట్ల నెత్తిన. చెయ్యి ఆపుకున్నాడు. తిప్పే బలం కాస్త తగ్గేలా లివరు కొంచెమే దించి, ముక్కు వంచి వేగం పెంచాడు. తోక మీది నిలువు రెక్కకు గాలి గట్టిగా తగిలి, తిరగడం ఆగింది. వంకరగా, పీతలా, అయినా ముందుకే పోతోంది.

మామగారికి పైప్రాణాలు పైనే పోయాయి. "నెమ్మదయ్యా బాబూ! నెమ్మదిగా పోనీ!"

"నెమ్మదిస్తే బొంగరమే, మామయ్యా! ఈ గాలే మనల్ని పట్టుకుని ఉంది."

"అలాగా? అయితే ఇంకా తొక్కు! జోరు పెంచు!"

నత్తబాబుకు అంత భయంలోనూ నవ్వొచ్చింది. వెంటనే భార్య మొహం కళ్లముందు మెదిలింది. నాన్న, మొగుడు, ఇద్దరూ ఒకే పూట పోతే ఆ పిచ్చిది ఏమైపోతుంది?

రేడియోలో చెప్పి దగ్గర్లోని విమానాశ్రయంలో రన్‌వే ఖాళీ చేయించాడు. అదే జోరుతో దాని మీదికి వచ్చి, అప్పుడు మెలితిప్పాడు పిడిని. ఇంజన్ బలం పోగానే ముక్కు తిన్నగా వచ్చింది. పై రెక్కలు కిందినుంచి తగిలే గాలికే తిరుగుతూ దింపుతున్నాయి. నేల దగ్గరపడగానే, దిగే జోరు తగ్గేలా లివరు పైకి లాగాడు. హెలికాప్టర్ కాళ్లకున్న ఇనుప పట్టాలు కీచుమంటూ, నిప్పులు కక్కుతూ రన్‌వే మీద చాలా దూరం జారి ఆగాయి.

"బతికాం! ఓరి నాయనో, బతికాం!" మామగారు తన ఒళ్లు తానే తడుముకుని పకపకా నవ్వారు. అల్లుడి వైపు తిరిగి చూస్తే, లివరు పట్టుకున్న చెయ్యి పట్టుకున్నట్టే ఉంది. వదలాలని చూస్తున్నాడు, వేళ్లు మాట వినడం లేదు.

మామగారి నవ్వు ఆగిపోయింది. బెల్టు విప్పుకుని అటు వంగి, ఆ వేళ్లను ఒక్కొక్కటే మెల్లగా విడదీశారు.

"వదిలెయ్యి నాన్నా. దిగిపోయాం."

నత్తబాబు ఆయన భుజం మీద తల పెట్టి భోరుమన్నాడు. పెద్దాయన వీపు నిమురుతూ, "ఏడువు, ఏడువు. అమ్మాయికి ఫోన్ నేను చేస్తాలే," అన్నారు.