పానకం పోసిన జింకు తొట్లు

మా జిల్లా ఇంకా మద్రాసు ఏలుబడిలో ఉన్న రోజుల్లో బరంపురం బజారులో నాకు రేకుల దుకాణం ఉండేది. ఇళ్ళ కప్పులకు వేసే ముడతల రేకు, బకెట్లకూ తొట్లకూ పనికొచ్చే సాదా రేకు, అంతా ఓడల మీద దిగే సీమ సరుకు. ఇనప రేకు మీద జింకు పూత పూసినదాన్ని మా వైపు జనం జింకు రేకు అనేవారు.

రేకు నాణ్యం కనిపెట్టడంలో నన్ను మించినవాడు లేడని నాకో గర్వం. మంచి రేకు మీద పూత పువ్వులు పువ్వులుగా విచ్చుకుని కనబడుతుంది. మూల మడిచి మళ్ళీ సాపు చేస్తే మడత దగ్గర పొట్టు లేవకూడదు. లేచిందంటే సముద్రపు గాలి ఆ సందులో దూరి ఏడాది తిరక్కుండా తుప్పు పట్టిస్తుంది. ఆర్యపల్లి నుంచి చేపల పాకలకు రేకు కొనడానికి వచ్చేవాళ్ళు నేను మడిచి చూపిస్తేనే పట్టుకెళ్ళేవారు.

ఒక ఏడు ఎండలు ముందే ముదిరాయి. మా నాన్న పేరు మీద దుకాణం ముందు చలివేంద్రం పెట్టాను. కుండలు పగిలిపోతాయని, ఉన్నవాటిలో మేలైన రేకు ఏరి, గంజాం ఊళ్ళో ఉండే రేకుపని ముసలాయన చేత మూడు పెద్ద తొట్లు చేయించాను. ఒక్క చుక్క కారలేదు. మా మేనత్త పొద్దున్నే వచ్చి కూర్చుని, రాగి చెంబుతో జనం దోసిళ్ళలో నీళ్ళు పోసేది. చిన్నతనంలోనే భర్త పోయి మా ఇంట్లో ఉండిపోయిన మనిషి. నన్ను పెంచింది ఆవిడే.

అంతా బాగానే ఉంది. నాకే బాగాలేదు. నా బుద్ధి ఒకచోట నిలిచేది కాదు. నీళ్ళు ఎవరైనా పోస్తారు, నేను అంతకంటే మంచిది పొయ్యాలి అనిపించింది. శ్రీరామనవమికి పానకం పోద్దామనుకున్నాను. సోనేపూర్ దాటి ఉన్న ఒక పల్లె నుంచి నిమ్మకాయలు తెచ్చి అమ్మే ఆవిడ ఉండేది. ఆవిడ దగ్గర రెండు బుట్టలు తీసుకుని, ముందురోజు సాయంత్రమే బెల్లం, మిరియాలు, నిమ్మరసం కలిపి మూడు తొట్లూ నింపేశాను.

పొద్దున దేవుడికి చూపించి అత్త ముందుగా ఒక చెంబు తాగింది. మొహం చిట్లించింది.

"ఒరే, నాలిక పట్టేస్తందిరా. ఏటి కలిపేవు ఇందులో?"

"తొక్క వగరు దిగుంటాదత్తా."

"తొక్క వగరు నాకు తెల్దా? ఇది అది కాదు."

"జనం నిల్చున్నారు. పొయ్యి అత్తా."

ఆవిడ చెంబు ముంచి పోసింది.

గంట గడిచిందో లేదో, ఎదురు గోడ పట్టుకుని ఒక సాలె ఆయన వాంతి చేసుకున్నాడు. ఎండదెబ్బ అనుకున్నాం. తర్వాత చంకలో బిడ్డతో ఒక తల్లి, ఆ తర్వాత బండివాళ్ళు ఇద్దరు. మధ్యాహ్నానికి పట్టునేత వీధిలో ఏ అరుగు చూసినా ఒక మనిషి కడుపు పట్టుకుని ముడుచుకుని ఉన్నాడు. మా అత్త చెంబు పక్కన పెట్టి, ఉన్నచోటే పక్కకి ఒరిగిపోయింది. కాంపౌండరు వచ్చి అందరికీ ఏదో మందు ఇచ్చాడు. "తాగినదాంట్లో ఏదో పడింది" అన్నాడు. ఏం పడిందో ఆయనకీ తెలియదు.

నేను ఇంటికీ వీధికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. ఎవరి దగ్గరా రెండు నిమిషాలు నిలబడలేకపోయాను. అంతలో గుంపులోంచి ఎవరో అన్నారు: "నిమ్మకాయలు! కూడళ్ళలో దిష్టి తీసి పారేసిన కాయలు ఏరుకొచ్చి అమ్మేసిందిరా ఆ మనిషి!"

రెండు బుట్టల కాయలు కూడళ్ళలో ఎలా దొరుకుతాయని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. బజారు చివర కూర్చున్న ఆవిడ మీదకి జనం పోయారు. బుట్ట తన్నేశారు. కాయలు దొర్లి కాలవలో పడ్డాయి. ఆవిడ వాళ్ళను చూడలేదు, నన్ను చూసింది.

"బాబూ, నువ్వు సెప్పు. కోసి, సూసి, నువ్వే గదా తీసుకున్నావు!"

నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. ఆవిడ ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

మిగిలిన పానకం పారబోసి తొట్లు కడిగించాను. అప్పుడు చూశాను. పానకం నిలిచినంత మేరా లోపలి పువ్వులన్నీ మాయమై, రేకు బూడిద రంగులో పాలిపోయి ఉంది. పైన పానకం తగలని చోట ఎప్పటిలాగే మెరుస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ముసలాయన నా రేకు దాచుకుని నాసిరకం వాడాడని నిశ్చయించుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఒక తొట్టి తీసుకుని గంజాం రైలెక్కాను. దారంతా తలుపు దగ్గరే నిలబడ్డాను.

ముసలాయన గుడిసె ముందు కూర్చుని ఒక లాంతరుకి టంకం పెడుతున్నాడు. తొట్టి ఆయన ముందు పడేసి, నోటికొచ్చినట్టు అరిచాను. ఆయన అంతా విని, తొట్టి వెలుతురుకి తిప్పి చూసి, ఒక్క మాటే అడిగాడు.

"ఏటి పోసేరు బాబూ?"

"పానకం. నిమ్మకాయ పానకం."

ఆయన లేచి గుడిసెలోంచి మూతి విరిగిన గాజు సీసా తెచ్చాడు. అందులో రేకుపనివాళ్ళు వాడే ఘాటైన ద్రావకం, యాసిడ్, ఉంది. ఎక్కడో ఊడదీసిన జింకు ముక్కలు రెండు అందులో వేశాడు. బుసబుసమని పొంగింది. చూస్తుండగానే ముక్కలు కరిగి సన్నబడ్డాయి.

"ఇది మా రోజూ పని. జింకుని ఇలగ కరిగిస్తేనే టంకం పట్టే నీళ్ళు తయారవుతాయి. ద్రావకం గబాలున తింటాది, నిమ్మరసం నిదానంగా తింటాది. రాత్రల్లా తిన్నాది. అది కలిసిన పానకవే జనం తాగేరు."

"అయితే రేకులో లోటు నేదా?"

"మీ రేకు మేలు రకవే బాబూ. నీళ్ళు పొయ్యండి, ధాన్యం పొయ్యండి, పదేళ్ళుంటాది. పులుపు పొయ్యకూడదు. పానకం పోస్తారని మీరు నాకు సెప్పనేదు, నేను అడగనేదు."

నా చేత్తో మడిచి, నా కళ్ళతో చూసి ఏరిన రేకు. దాని నాణ్యం ఎంత చూశానో, అది దేనికి పనికిరాదో అంత చూడలేదు. ఆయనకి దండం పెట్టి తిరిగి రైలెక్కాను.

ఇంటికి వచ్చేసరికి అత్త లేచి కూర్చుని గంజి తాగుతోంది. వీధిలో మిగతావాళ్ళూ తేరుకున్నారని చెప్పింది. జరిగిందంతా చెప్పాను. ఆవిడ గిన్నె కింద పెట్టింది.

"వగరంటే యినిపించుకోనేదు. సరే, మాకు తగ్గిపోయింది. ఆ నిమ్మకాయల మనిషికి ఎలగ తగ్గుతాది? ఎల్లి సెప్పు."

చెప్తాను అన్నాను గాని ఆ రోజు వెళ్ళలేదు. మర్నాడూ వెళ్ళలేదు. దుకాణంలో కూర్చోలేను, ఇంట్లో ఉండలేను. తప్పు నాదని తెలిస్తే రేకు ఎవరు కొంటారన్న భయం ఒకటి. ఆవిడ చూసిన చూపు ఒకటి. మూడో రోజు మరి తట్టుకోలేక బండి కట్టించుకుని ఆవిడ పల్లెకి బయలుదేరాను.

ఆవిడ పెరట్లో వడ్లు చెరుగుతోంది. చేట ఆపలేదు. తప్పు నా తొట్లదని, నాదని చెప్పాను.

"ఇక్కడ సెప్తే ఎవులికి యినిపిస్తాది?" అంది. "నా బుట్ట మీద కాలేసినోల్లు ఇక్కడ నేరు. రేపు కాయలట్టుకొస్తాను. నువ్వు నా ఎనకాల రా. ఇంటింటికీ సెప్పు."

సావుకార్ని నిమ్మకాయల బుట్ట వెనక తిరగమంటుందా అని ఒక్క క్షణం కోపం వచ్చింది. వచ్చి పోయింది.

మర్నాడు ఆవిడ ముందు, నేను వెనక. ఆవిడ "నిమ్మకాయలో!" అని కేక వేసేది. ఎవరైనా బయటికి వస్తే నేను చెప్పేవాణ్ణి: "కాయల తప్పు కాదు, పులుపు జింకు తొట్లో పోసేను, తప్పు నాది." ఒరియా వాళ్ళ గుమ్మాల్లో ఒరియాలో చెప్పాను. కొందరు నమ్మలేదు, మా ఇంట్లోనూ అదే రేకు బకెట్టు ఉంది గదా అన్నారు. అందులో చారు, మజ్జిగ పొయ్యొద్దని అక్కడే చెప్పాను. ఒకాయన బకెట్టు తెచ్చి నా కాళ్ళ ముందు పడేశాడు. ఆ రోజు అందరికంటే ముందు వాంతి చేసుకున్న సాలె ఆయన చాలాసేపు నా మొహం చూసి, లోపలికి కేకేసి, పది కాయలు తీసుకోమన్నాడు. రెండు గుమ్మాలు మూసేసుకున్నారు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి బుట్ట అడుగు కనబడింది. ఆవిడ దాన్ని దింపి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"రేపు నానొక్కద్దాన్నీ తిరుగుతాను. నువ్వు ఎల్లిపో బాబూ" అంది.

నన్ను క్షమించిందో లేదో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. దుకాణం వైపు నాలుగడుగులు వేసి, ఎందుకో కాళ్ళు ఆగక, ఇంకా చెప్పని వీధి ఒకటి మిగిలిందని గుర్తొచ్చి అటు తిరిగాను.