వంతెన తెగిన శుక్రవారం

పోయిన శుక్రవారం కడపలో మా బడి స్టాఫ్ రూములో కూర్చుని తొమ్మిదో తరగతి ఇంగ్లీషు పేపర్లు దిద్దుతుంటే, బల్ల మీద నా ఫోను ఆగకుండా వణకడం మొదలుపెట్టింది. ఎదురుగా ఉన్న లెక్కల మేడం కలం ఆపి, ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అని అడిగారు. అందరూ బాగానే ఉన్నారు, మా యానిమే కొత్త భాగాలు మొదలయ్యాయి అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. జపాను వాళ్లు బొమ్మలతో తీసే సాహస కథ అనీ, చాలాకాలం ఆగిపోయి ఇప్పుడు మళ్లీ వారానికొకటి వస్తోందనీ, చూసింది చూసినట్టు కొట్లాడుకోవడానికి మాకొక వాట్సాప్ గ్రూపు ఉందనీ చెప్పాను. "నలభై దాటినాక కార్టూన్లా మేడం?" అని నవ్వారు. అవునండీ అన్నాను. ఇదివరకైతే పిల్లల కోసం చూస్తున్నాననో, పాఠానికి పనికొస్తుందనో ఏదో ఒక సాకు చెప్పేదాన్ని. సాకులు చెప్పే అలవాటు నాకు నందికొట్కూరులో పోయింది, మా చిన్నమ్మ ఇంట్లో.

అప్పట్లో నాకు నందికొట్కూరులో ఒక ప్రైవేటు బడిలో ఉద్యోగం, మా ఆయనకు కడపలో. సెలవులకు కలుసుకునేవాళ్లం. తక్కిన రోజులు మా అమ్మ చెల్లెలి ఇంట్లో ఉండేదాన్ని. రెండు గదులు, ముందు నాపరాళ్ల వరండా. ఎండాకాలంలో పొద్దు వాలినా ఆ బండలు కాలుతూనే ఉండేవి. చిన్నమ్మ బక్కెట్టుతో నీళ్లు చల్లితే చుయ్యిమని ఆవిరి లేచి, తడిసిన రాతి వాసన వీధి మలుపు దాకా వచ్చేది. ఆమె సన్నగా, పొడుగ్గా, గంజి పెట్టిన నూలు చీరలో నిటారుగా ఉండేది. అంగన్‌వాడీలో పనిచేసి మానుకుంది. మా చర్చిలో స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. కీర్తన ఎత్తుకుందంటే హార్మోనియం వాయించే ఆయన తన శ్రుతి మార్చుకోవాల్సిందే గాని, ఆమె మార్చుకునేది కాదు.

ఆమె సంగతి ఊరందరికీ తెలుసు. పెళ్లయిన కొత్తల్లో మొగుడు మంగంపేట ముగ్గురాయి గనుల్లో పనికని పోయాడు. మొదట్లో పండగలకు వచ్చేవాడు, తర్వాత అదీ మానేశాడు. అక్కడ వేరే ఇల్లు, వేరే భార్య, పిల్లలు. ఆమెకు ఒకప్పుడు నర్సు ట్రైనింగుకు సీటు వస్తే మా పెద్ద మేనమామ పోనివ్వలేదు. ఆయన చిన్నమ్మకు సొంత అన్న, సంఘ పెద్ద. కట్టుకున్నోడు తిరిగొచ్చేసరికి ఇంటికి తాళం ఉంటే బాగుంటుందా అన్నాడట. ఓపిక పట్టమన్నాడు, దేవుడు వాడి మనసు మారుస్తాడన్నాడు. మాట వరసకు అన్నది కాదు. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం ఆరాధనలో, రోగుల కోసం, వానల కోసం ప్రార్థన చేశాక, మామ గొంతు కొంచెం తగ్గించి "మా చెల్లెలి భర్తను తిరిగి ఇంటికి నడిపించు ప్రభువా" అని వేడుకునేవాడు. సంఘమంతా ఆమెన్ అనేది. నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ ప్రార్థన వింటున్నాను. పక్కనుండే చిన్నమ్మ ఆమెన్ అనేదో లేదో ఎప్పుడూ గమనించలేదు.

ఇక యానిమే మా ఇంట్లోకి వచ్చిన దారి. మామ మనవరాలు డిగ్రీ చదువుతుండేది. ఆయన ఇంట్లో ఫోను పట్టుకుంటే కేకలు కాబట్టి, చదువుకుంటానని మా వరండాకు వచ్చి, చెవుల్లో తీగలు పెట్టుకుని కూర్చునేది. ఒక సాయంత్రం వెక్కి వెక్కి ఏడుస్తుంటే చిన్నమ్మ ఒక చెవి తీగ లాగి, "ఏందిమే, పరీక్ష పోయిందా?" అంది.

"లేదవ్వా. గాలి చచ్చిపోయింది."

చిన్నమ్మ ఆ పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదని తేలాక పక్కన కూర్చుని, ఏ గాలి, ఎట్లా చచ్చిపోయిందో చెప్పమంది. అంతే. ఆ కథలో ఒక దేశం ఉంది. దాని గాలిని ఒక రాజు కోటలో బంధిస్తే, అది చచ్చిపోయిందనే అందరూ అనుకున్నారు. పడవలు కదలవు, పొగ పైకి పోదు, పక్షులు నడిచి తిరుగుతాయి. ఎర్రజుట్టు పిల్ల ఒకతి గాలిని విడిపించి తేవడానికి కొండలు దాటి బయల్దేరుతుంది. తోడుగా ఒక కత్తి వీరుడు, మాట్లాడే ఒక జంతువు. జపాను పేర్లు మా నోట పలకవు గనక చిన్నమ్మ అందరికీ కొత్త పేర్లు పెట్టింది. వీరుడు కత్తాయప్ప, అంటే కత్తి పట్టినాయన, అయ్యాడు, ఆ జంతువు కుంటి ముంగిస అయింది. అది ముంగిస కాదని మనవరాలు ఎంత చెప్పినా వినలేదు.

కొత్త భాగం శుక్రవారం సాయంత్రం వచ్చేది. మాటలు జపానులో, కింద అక్షరాలు ఇంగ్లీషులో. వాటిని తెలుగు చేసి గట్టిగా చదవడం నా పని. "ఆ రాజు అంతసేపు మాట్లాడితే నువ్వు రెండు ముక్కలు చెప్తాండావు, మిగిలింది యాడ పెట్టినావు?" అని చిన్నమ్మ నిలదీసేది. గోడ అవతల మిషను కుట్టే పక్కింటి ముస్లిం అక్క, మేమంతా ఆపా అని పిలిచేవాళ్లం, కొన్ని వారాలు మా అరుపులు విని, ఒకరోజు ఉడికించిన బుడ్డలు, అదే వేరుశెనక్కాయలు, గిన్నెలో పోసుకుని వచ్చేసింది. చూడటం అరగంటలో అయిపోయేది. మాట్లాడుకోవడం వారమంతా సాగేది. ముంగిస రాజు మనిషేనని ఆపా అనుమానం. రాజుది అసలు తప్పు కాదని నా వాదన, దానికి నాకు తిట్లు. ఎక్కడెక్కడి దేశాల అభిమానులో ఇంటర్నెట్టులో రాసుకునేవి మనవరాలు చదివి వినిపించేది. "మనం గూడా రాయిమే, నందికొట్కూరు వాళ్లు ఇట్లంటాండారని" అనేది చిన్నమ్మ. ఆ పిల్ల నిజంగానే రాసింది. ఎవరో, ఏ దేశమో, దానికొక ఎర్ర గుండె బొమ్మ పంపితే ఆపా ఆ రోజు పాయసం చేసింది.

ఒక శుక్రవారం కథ చిక్కుల్లో పడింది. కొండల మధ్య తాళ్ల వంతెన దగ్గర కత్తాయప్ప ఆ పిల్లతో, నువ్వు ఇక్కడే ఉండు, నేను పోయి దారి చూసొస్తా అని వెళ్లిపోయాడు. వస్తాడా, రాడా? ఆ వారమంతా అదే గొడవ. వస్తాడని ఆపా, మనవరాలు. చిన్నమ్మ మాత్రం ఎటూ తేల్చలేదు. బుడ్డలు ఒలుస్తూ వినింది.

ఆ వారంలోనే మామ వచ్చాడు. చర్చిలో ఎవరో ఆయన చెవిన వేశారు. తెల్ల చొక్కాతో గేటు దగ్గరే నిలబడి, లోపలికి రమ్మంటే రాలేదు.

"సమాజానికి పెద్దవి. నీ ఇంట్లో మంత్రాలు, దయ్యాల బొమ్మలు చూస్తాండారంట. నలుగురు నవ్వుతాండారు."

"నవ్వనీలే అన్నా. మేమూ నవ్వుతాండాం."

"మా పిల్ల ఇంక ఈడికి రాదు. చెప్పినా."

ఆయన పోయాక నేను సర్ది చెప్పబోయాను. కొన్నాళ్లు మానేద్దాం, లేదా తలుపు వేసుకుని చూద్దాం అన్నాను. చిన్నమ్మ నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. "తలుపేసుకునే పని మనమేం చేస్తాండాం?" అంది.

శుక్రవారం సాయంత్రం ఆమె మంచి చీర కట్టుకుని, ఆపాను కేకేసి, నన్ను ఫోను తీసుకోమని, మా ఇద్దరినీ నడిపించుకుంటూ తిన్నగా మామ ఇంటికి వెళ్లింది. వరండాలో చాప తనే పరిచింది. "నీ ఇంట్లో, నీ ముందరే చూస్తాం. తప్పేందో చూసి చెప్పు" అంది. మామ లోపలికి పోయి, గడప పక్కన కుర్చీలో మాకు వీపు పెట్టి, బైబిలు తెరిచి కూర్చున్నాడు. మా అత్త వంటింట్లోంచి కళ్లతోనే బతిమాలింది, వెళ్లిపొమ్మనో ఉండమనో తెలియలేదు. మనవరాలు మెల్లగా వచ్చి చిన్నమ్మ ఒడి పక్కన కూర్చుంది.

నేను చదవడం మొదలుపెట్టాను. ఆ పిల్ల వంతెన దగ్గర కూర్చునే ఉంది. చెట్లు ఆకులు రాల్చాయి, మంచు కురిసింది, చెప్పులు చివికిపోయాయి. వీరుడు రాలేదు. వెనక కొండ మీద రాజు సైనికుల దివిటీలు కనబడ్డాయి. ఆమె లేచింది, ముంగిసను భుజానికెత్తుకుంది, వంతెన దాటింది. అవతల ఒడ్డున నిలబడి చాలాసేపు వెనక్కి చూసింది. తర్వాత నడుములోంచి చాకు తీసి తాళ్లు కోసేసింది. వంతెన లోయలోకి జారిపోయింది. అక్కడితో ఆ భాగం అయిపోయింది. లోపల కుర్చీలో పేజీ తిప్పిన చప్పుడు నేను మొదటినుంచీ వినలేదు.

"తప్పు చేసింది ఆ పిల్ల." మామ గొంతు. కుర్చీ ఎప్పుడు తిప్పుకున్నాడో, మావైపే చూస్తున్నాడు. "ఉంటానని మాట ఇచ్చినాక ఉండల్ల. పోతే పోయింది, వంతెన ఎందుకు కొయ్యల్ల? ఆయప్ప వస్తే యాడ దాటుకుంటాడు?"

"తాతా, ఎనక సైనికులు వస్తాండారు గదా" అంది మనవరాలు.

"వస్తే రానీ. కత్తాయప్ప వచ్చేదాంకా చూడల్ల."

మేము పెట్టుకున్న పేరు ఆయన నోట రావడంతో నాకు నవ్వొచ్చింది. చిన్నమ్మ నవ్వలేదు.

"ఎన్నాళ్లు చూడల్లన్నా?"

"వచ్చేదాంకా."

"రాకపోతే?"

"దేవుడు ఉండాడు గదా."

"ఉండాడు. ఆ దేవుడే ఆ పిల్లకు కాళ్లు గూడా ఇచ్చినాడు." చిన్నమ్మ గొంతు పెంచలేదు. "నాకీ ఇచ్చినాడు. నువ్వు కూచోమంటే నేను కూచున్యా."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఇదంతా బొమ్మల కథ గురించి కాదని ఆపాకు కూడా అర్థమై తల వంచుకుంది. మామ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. చిన్నమ్మ చాప చుట్టి, ఉన్నచోట పెట్టి, పదండి అంది. ఇంటికి వచ్చాక, చాకు మొద్దుబారిందై ఉంటే ఆ పిల్ల గతి ఏమయ్యేదని ఆపాతో చర్చ పెట్టుకుంది.

ఆదివారం ఆరాధనలో మామ ఎప్పటిలాగే లేచాడు. రోగులు అయ్యారు, వానలు అయ్యాయి. ఆయన గొంతు తగ్గించాడు. "మా చెల్లెలి భర్తను" అన్నాడో లేదో, ముందు వరసలో చిన్నమ్మ లేచి నిలబడింది.

"అన్నా, ఆ ఒక్కటి ఇంక వద్దు."

అందరి కళ్లూ తెరుచుకున్నాయి. పాస్టరయ్యగారు చేతులు పైకెత్తినవి ఎత్తినట్టే ఉంచారు.

"ఆయన తప్పిపోలేదు. మంగంపేటలో పెండ్లాం బిడ్డల్తో ఉండాడు. మనవడు గూడా పుట్టినాడంట. వాళ్లు సల్లగా ఉండనీ. ఇన్నేండ్లు దేవుని టయిం శానా తిన్నాం, సాలు."

వెనకనుంచి ఎవరో పెద్దాయన, "కూచోమ్మా" అన్నాడు.

"ఇన్నేండ్లు కూచున్యా గదప్పా. రవ్వంతసేపు నిలబడనీ."

నిలబడింది. ప్రార్థన ముగిసేదాకా, చివరి కీర్తన అయ్యేదాకా నిలబడే ఉంది. ఎందుకో గాని, పక్కన కూర్చున్న నేను కూడా కీర్తన మధ్యలో లేచాను. మా వెనక మనవరాలు లేచింది. వాళ్ల నాన్న చెయ్యి పట్టి లాగినా కూర్చోలేదు.

ఆ నెలలోనే కమిటీ కూర్చుని చిన్నమ్మను అధ్యక్ష పదవి నుంచి తీసేసింది. ఆరాధనకు భంగం కలిగించిందని కారణం చెప్పారు. యానిమే మాట ఎవరూ ఎత్తలేదు, ఎత్తడానికి సిగ్గుపడ్డారేమో. ఇందులో ఆమె తప్పేమీ లేదని నేను ఓదార్చబోతే, "నన్ను తీసేసినారు సరే, నా గొంతు తీసెయ్యలేరు గదా" అంది. మరుసటి ఆదివారం అదే ముందు వరసలో కూర్చుని, కీర్తన అంతకు ముందుకంటే పై శ్రుతిలో ఎత్తుకుంది. కొందరు ఆడవాళ్లు పలకరించడం మానేశారు. ఆమె వాళ్లను పలకరించడం మానలేదు, అది వాళ్లకు ఇంకా కష్టంగా ఉండేది. కొత్తగా వచ్చిన అధ్యక్షురాలు ఒక శుక్రవారం సమాజం వంటపాత్రల మూతలు అడగడానికని వచ్చి, గుమ్మంలో నిలబడి పది నిమిషాలు చూసి, తర్వాత చాప మీద జాగా అడిగింది. మూతల సంగతి మరిచిపోయి వెళ్లిపోయింది. మనవరాలు ఎవరికీ దాచకుండా వచ్చేది. మామ రాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ ప్రార్థన చేయలేదు, చెల్లెలిది సబబేనని కూడా అనలేదు. ఇంటికెళ్లిన మనవరాలిని మాత్రం, "ఆ కత్తాయప్ప వచ్చినాడా?" అని అడిగేవాడట. రాలేదంటే, వంతెన ఉండి ఉంటే వచ్చేవాడు అనేవాడట.

ఆ ఏడాది ఆఖరి భాగం అయిపోయిన సాయంత్రం, మిగతా కథ ఎప్పుడు వస్తుందో తీసేవాళ్లకే తెలియదని మనవరాలు ఫోనులో చూసి చెప్పింది. వరండా నిండా కూర్చున్న ఆడవాళ్లంతా ఉసూరుమన్నారు. ఎన్నాళ్లు కాచుకోవాలో అక్కా అని ఆపా నిట్టూర్చింది. చిన్నమ్మ ఒళ్లోని బుడ్డల పొట్టు దులుపుకుని లేచి, మొహం కడుక్కుని వచ్చి మళ్లీ తన చోట కూర్చుంది.

"వచ్చినప్పుడు వస్తాదిలే. అందాంకా వేరేది పెట్టుమే" అంది.

ఆమె జీవితంలోంచి పోయిన ఏళ్లను ఎవరూ తిరిగి తెచ్చివ్వలేదు, ఆమె అడగనూ లేదు. మిగిలిన కాలం మీద మాత్రం ఇంకెవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు.