ఇద్దరు పోసిన నీళ్ళు

నర్సరీలో చూపిద్దామని కోకాపేట బస్సులో ఒళ్ళో మల్లె కుండీతో కూర్చున్నాను. పెళ్ళయిన కొత్తలో మేమిద్దరం నాటిన మొక్క. మందు కొట్టినా ఆకులు పసుపెక్కుతూనే ఉన్నాయి. పక్కసీటామె తెల్లాపూర్ విల్లాల్లో గడ్డీ, మొక్కలూ చూసుకుంటుందట. మట్టిలో వేలు గుచ్చి వాసన చూసింది.

"రోగం గాదమ్మా, నీళ్ళెక్కువైనయ్. వేర్లకు ఊపిరాడ్తలేదు. ఇంట్ల ఎవరు పోస్తరు?"

"రోజూ పొద్దున నేనే."

"మీ ఆయన?"

తెలియదు. నాది పగటి ఉద్యోగం, ఆయనది నైట్ షిఫ్టు, మేం కలిసి కూర్చునేది ఆదివారమే. అక్కడే ఫోన్ చేశాను.

"రోజూ సాయంత్రం నేనే కదా పోసేది," అన్నారు.

ఆమె నవ్వింది. "ఇగ ఫికర్ లేదు, బతుకుతది. మట్టి ఎండేదాక ఆగుండ్రి. పోసేముందు ఒకర్నొకరు అడుగుండ్రి."

తర్వాతి స్టాపులో దిగిపోయింది.

మల్లె ఇప్పుడు పూస్తోంది. నీళ్ళ సంగతి అడగడానికి రోజూ ఫోన్ చేసుకుంటాం. ఆ సంగతి అయిపోయాక కూడా వెంటనే పెట్టేయం.