ఇనుముకు పెట్టిన బొట్టు

మా కంపెనీ పాత రేవులో అపార్ట్‌మెంట్లు కడుతోంది. ఆ స్థలం మధ్యలో విక్టోరియా రాణి కాలపు ఇటుక బురుజు ఒకటి మిగిలింది. లోపల గదంత ఇనుప తొట్టి, దాని నిండా రాళ్లు. ఆవిరి పంపులు నీళ్లు తోసి దాన్ని పైకెత్తేవి. అది తన బరువుతో దిగుతూ ఆ నీటిని గొట్టాల్లోకి నొక్కితే, రేవులోని క్రేన్లన్నీ సరుకు లేపేవి. కరెంటు వచ్చాక దాని పని పోయింది. నేను ఇంజనీరును. వెర్రిబీలో మా ఇంటి నుంచి రైలెక్కి వెళ్లి మొదటిసారి చూసినప్పుడే దాని మీద మనసు పడింది.

తొట్టిని ముక్కలుగా కోసి తీసేసి, గోడల మధ్య కాఫీ షాపు పెట్టాలని మా మేనేజరు ఆలోచన. అందుకు తొట్టి ప్రమాదకరమని నేను సంతకం చేయాలి. నిచ్చెనెక్కి, సుత్తితో కొట్టి, అంతా చూశాను. నిక్షేపంగా ఉంది. చేయనన్నాను.

ఇంట్లో మా ఆయన తల పట్టుకున్నారు. "ఎందుకొచ్చిన గొడవ, సైన్ చేసెయ్యరాదూ? ఈ దేశంలో ఉండిపోడానికి కంపెనీ ఇప్పించాల్సిన పీఆర్ మనకింకా రాలా."

"రాకపోతే పోనీండి. అబద్ధానికి సైన్ చెయ్యను," అన్నాను. భయం లేక కాదు, ఒళ్లు మండి.

ఆ వారమే ఆయుధ పూజ. ల్యాప్‌టాప్‌కీ కారుకీ బొట్టు పెట్టాను. వాటికి పెట్టి ఆ ముసలిదాన్ని ఎలా వదిలేస్తాను? సైటుకెళ్లి తొట్టికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయతో దిష్టి తీసి వచ్చాను. పాత కట్టడాల మీద మరక పడకూడదన్న నియమం ఆ ధ్యాసలో గుర్తే రాలేదు.

మేనేజరుకు పండగైంది. పురాతన కట్టడాల అధికారిణి వచ్చిన మీటింగులో ఫోటో తీసి చూపించాడు. వెలకట్టలేని ఇనుమును నేను పాడుచేశానని, దాన్ని ఎవరూ వేలితో కూడా ముట్టకూడదని ఊదరగొట్టాడు. క్షమాపణ చెప్పమన్నాడు.

చెప్పలేదు. "బొట్టు పెడితేనే పాడైపోతే, మరి కోస్తే?" అని అడిగాను.

కోయడమేమిటని అధికారిణి అతని వైపు తిరిగింది. ఆ ముక్క ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు.

నన్ను ఆ ప్రాజెక్టు నుంచి తీసేశారు. పీఆర్ ఇంకా రాలేదు. బొట్టు తుడవమంటే నేను తుడవలేదు, వాళ్లే తుడుచుకున్నారు. కాఫీ షాపు మాత్రం వచ్చింది, తొట్టి చుట్టూ బల్లలు వేసుకుని.

ఈ దసరాకు మా అమ్మాయిని తీసుకుని అక్కడికి వెళ్లాను. కాఫీ తెచ్చుకుని, కుంకుమ భరిణె బల్ల మీద పెట్టాను.

"అమ్మా, యూ కాంట్," అంది అది మెల్లగా.

నేను మూత తీశాను.