డోలుకు పట్టే ప్రయాణ సమయం

నాలుగేళ్ల కిందట మాఘమాసంలో నేను మదనపల్లెలో ఒక ట్రావెల్స్ ఆఫీసులో టికెట్ కౌంటరులో చేరాను. ఇప్పుడు ఆ పని మానేసి కుప్పంలో ఉంటున్నాను. అప్పట్లో నాకు మనుషులతో మాట్లాడడం కంటే కంప్యూటరు చూసి జవాబు చెప్పడం సులువుగా ఉండేది.

ఒకరోజు పుంగనూరు నుంచి ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. అన్న నాగప్ప నాదస్వరం, తమ్ముడు మునియప్ప డోలు. వచ్చే ఆదివారం ఉదయం పుంగనూరులో ఒక పెళ్లి, మర్నాడు తెల్లవారుజామున రాజమండ్రిలో ఇంకొక పెళ్లి. రెండింటికీ తాంబూలం పుచ్చుకున్నారు. బస్సయితే ముహూర్తానికి అందదు.

తిరుపతి నుంచి రాజమండ్రికి గగనమార్గాన దాదాపు నాలుగువందల అరవై కిలోమీటర్లు, చిన్న విమానంలో గంటంబావు అని చెప్పాను.

"అంతేనా? పుంగనూరు నించి పలమనేరుకు బస్సు పట్టే టైమే గదమ్మా. డోలు ఒళ్లో పెట్టుకుని కూచుంటా" అన్నాడు మునియప్ప.

కుదరదన్నాను. చేతి సామానుకు బరువు, కొలత రెండూ పరిమితమే. నాదస్వరం పైకి తీసుకెళ్లొచ్చు, డోలు మాత్రం చెక్‌ఇన్ సామానుగా విమానం కింది అరలోకి పోవాలి.

ఆయన లేచాడు. "అయితే నేను రాను. ఇంకొకరి డోలు మీద నా చెయ్యి ఆడదు."

రాజమండ్రి పెళ్లి పోయినట్టే అనిపించింది. మామూలుగా అయితే నేను తల వంచుకుని ఊరుకునేదాన్ని. ఆరోజు మాత్రం, డోలు మీ చేతిలో లేకుండా ఎంతసేపు ఉంటుందో లెక్కవేసి చెప్తాను, కూర్చోండప్పా అన్నాను. సామాను తీసుకునే కౌంటరు విమానానికి గంట ముందు మూస్తారు. ముందే విమానాశ్రయం చేరినా, అంతవరకు డోలు తన దగ్గరే ఉంచుకోవచ్చు. ఆ గంట, ఆకాశంలో గంటంబావు, దిగాక బెల్టు మీదికి వచ్చేదాకా కొంత. మొత్తం రెండున్నర గంటలు. వార్లు వదులు చేసి బొంతలో చుట్టి ఇవ్వమన్నాను. మళ్లీ బిగించి శ్రుతి చేసుకోవడానికి ఎంత పడుతుందని అడిగాను. గంట అన్నాడు. సాయంత్రానికే దిగుతారు కాబట్టి దానికీ వ్యవధి ఉంది.

"రెండున్నర గంటలా" అని ఆయన ఇంకా నసుగుతుంటే నాగప్ప అందుకున్నాడు. "రేత్రంతా గుర్రు పెట్టి పండుకుంటావే, అప్పుడు ఎవురు కాపలా ఉండారు నీ డోలుకి?"

"అది మా ఇంట్లో గదన్నా" అన్నాడు మునియప్ప. మళ్లీ కుర్చీలో కూర్చుని, "సరే, టికెట్ కొట్టమ్మా" అన్నాడు.

రాజమండ్రి పెళ్లికి ముందురోజు సాయంత్రం అక్కణ్నుంచే మునియప్ప ఫోన్ చేశాడు. "మేము పొయ్యేలోపలే వచ్చేసి బెల్టు మీద తిరగతా ఉండాదమ్మా. బొంత గూడా ఊడలేదు." మర్నాడు ముహూర్తానికి వాయించాడని నాగప్ప తర్వాత చెప్పాడు.

ఆ తర్వాత ప్రయాణానికి ఎంతసేపని ఎవరడిగినా, వెంట ఏం తీసుకెళ్తున్నారని ముందు అడిగి, గంటలు తర్వాత చెప్పేదాన్ని.