మూడు మాటల గోల్కొండ

పెళ్లిచూపులు ఇంట్లో పెడితే గల్లీ అంతా తెలుస్తుంది. కుదరకపోతే గల్లీ అంతా వచ్చి ఓదారుస్తుంది. రెండోది భరించడం ఎక్కువ కష్టమని మా అమ్మ అనుభవం. అందుకని ఈసారి నాంపల్లిలో బయలుదేరే సిటీ టూర్ బస్సులో మాకు రెండు సీట్లు, అమ్మాయి వాళ్లకు మూడు సీట్లు చెప్పించింది. కుదిరితే సంబంధం, లేకపోతే గోల్కొండ చూసినట్టు. పుట్టిన ఊరిని టికెట్ కొని చూడటం గురించి నాకు కొన్ని అభిప్రాయాలు ఉన్నా, పైకి చెప్పే వీల్లేదు.

అంతకుముందు రెండు సంబంధాలు నా నోటివల్లే పోయాయి. ఒకాయన పొలమెంతుందని అడిగితే, బాల్కనీలో నాలుగు కుండీలున్నాయన్నాను. అబద్ధమేమీ కాదు. రెండోది ఇక్కడ రాయదగింది కాదు.

బస్సెక్కేముందు అమ్మ నా చెయ్యి పట్టుకుంది. “చూడు కొడకా. ఔ, లేదు, మంచిది. గీ మూడు మాటలతోటి పొద్దు ఎల్లదియ్యాలె. గిది గూడ పోతే ఇంక నేను ఎవ్వరిని అడుగ. ఆ కాళ్లు ఊపుడు బంజెయ్యి.”

అమ్మాయి ఫొటో చూసినప్పటినుంచి ఇది పోకూడదని నాకూ ఉంది. కాళ్లు ఊగుతున్నది అందుకే.

బస్సు కోఠిలో ఒక లాడ్జి ముందు ఆగింది, గౌలిగూడలో ఇంకో లాడ్జి ముందు ఆగింది. కాచిగూడలో అమ్మాయి, వాళ్ల అమ్మానాన్నా ఎక్కారు. తర్వాత ఎవరినో మరిచిపోయామని బస్సు మళ్లీ నాంపల్లికే వచ్చింది. గైడు మైకందుకుని, రాజుల నగరానికి స్వాగతం, ఎడమవైపు చూడండి అన్నాడు. ఎడమవైపు నేను బనియన్లు కొనే దుకాణం ఉంది. ఆ మాట మింగాను.

అమ్మాయి తండ్రి నా పక్కన కూర్చున్నాడు.

“గీ బస్సు ఇయ్యాల పోతదంటవా బాబూ?”

“మంచిది” అన్నాను.

ఆయన నన్ను కాస్త జాలిగా చూసి కిటికీవైపు తిరిగాడు. అమ్మాయి ముందు సీట్లో ఉంది. సిద్దిపేటలో బ్యాంకు ఉద్యోగం. రెండుసార్లు వెనక్కి తిరిగింది. రెండోసారి, లంచ్ టైములో కౌంటర్ దగ్గరికొచ్చి నిలబడ్డ మనిషిని చూసినట్టు చూసింది.

గోల్కొండలో గైడు మరీ రెచ్చిపోయాడు. ఇక్కడినుంచి చార్మినార్ దాకా సొరంగం ఉందన్నాడు. ఏదీ అని ఎవరో అడిగితే, “మూసేసిన్రు సార్” అన్నాడు. నా నాలుక చివరికి ఒక మాట వచ్చి నిలబడింది. అమ్మ దగ్గింది.

తర్వాత మమ్మల్ని ఒక పాత గదిలోకి తీసుకెళ్లాడు. ఒక మూలన గోడకు నోరు ఆనించి గుసగుసలాడితే ఎదురు మూలన నిలబడ్డ మనిషికి వినిపిస్తుందట, మధ్యలో ఉన్నవాళ్లకు వినిపించదట. చూపించడానికి ఇద్దరు కావాలన్నాడు. పొద్దున్నుంచీ తనను ఏమీ అడగని ప్రయాణికుణ్ని నేనొక్కణ్నే.

“సార్, మీరు ఆ మూలకు రండి. మేడమ్, మీరు ఈ మూలకు.”

ఆ మేడమ్ మేం చూడవచ్చిన అమ్మాయేనని గైడుకు తెలియదు. మా అమ్మ ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

గోడకు చెవి ఆనించాను. చల్లటి రాయిలోంచి ఆమె గొంతు వచ్చింది.

“పొద్దుగాల సంది చూస్తున్న. మీకు పాణం మంచిగ లేదా? లేకుంటే ఎప్పుడు గిట్లనే ఉంటరా? గిట్లనే ఉంటరంటే చెప్పుండ్రి, మా బాపుకు ఇప్పుడే వద్దని చెప్త.”

అమ్మకిచ్చిన మాట ఒక పక్క, ఈ గొంతు ఒక పక్క. ఒక కాలు మళ్లీ ఊగడం మొదలుపెట్టింది.

“పాణం మంచిగనే ఉన్నది” అన్నాను గోడతో. “సాయంత్రం దాక మా అమ్మ నా నోరు మూసేసింది. గా సొరంగం లెక్కనే. తొవ్వ ఉన్నది గని పబ్లిక్‌ను పోనిస్తలేరు.”

తిరిగి చూశాను. ఆమె గోడవైపే ఉంది, రెండు చేతులతో ముఖం కప్పుకుని. భుజాలు అదురుతున్నాయి. వాళ్లమ్మ పరుగెత్తింది. తండ్రి నేరుగా నా దగ్గరికొచ్చాడు.

“ఏమన్నవ్ బాబూ మా బిడ్డను?”

నా దగ్గర మూడు మాటలున్నాయి. ఒక్కటీ సరిపోలేదు.

ఆమె నవ్వి నవ్వి వచ్చిన కన్నీళ్లను చున్నీతో తుడుచుకుని ఇటు తిరిగింది. “ఏం కాలే బాపూ, నువ్వు జర పక్కకు జరుగు” అని, గైడును పిలిచింది. “అన్నా, ఇంకొక్కపారి పెట్టు. నాకు సగమే ఇనవడ్డది.”

వెనక లైన్ పెద్దగుంది మేడమ్ అని గైడు అంటూనే ఉన్నాడు. ఆమె అప్పటికే గోడవైపు తిరిగింది. అమ్మవైపు చూడకుండా నేనూ తిరిగాను.