సలోమి పేరు తీసేసింది నేనే

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అన్నం తింటున్నా, పిల్లలతో నవ్వుతున్నా అది నన్ను వదలదు. ఇంట్లో చెప్పలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. ముందే ఒక మాట. నా మీద జాలిపడకండి. జాలి చూపిస్తే నాకు ఒళ్లు మండుతుంది.

షాద్‌నగర్ దగ్గర ఒక పాల కంపెనీలో కంప్యూటర్ల పని నాది. ఊళ్ల నుంచి వచ్చే పాల వివరాలన్నీ ఉండే డేటాబేస్ నా చేతిలో ఉండేది. ఎవరికి ఖాతా ఇవ్వాలో, ఎవరిది తీసెయ్యాలో నేనే చూసేవాణ్ణి. నా పక్క సీటు సలోమిది. అచ్చంపేట వైపు అమ్మాయి. తల్లి కూలికి వెళ్లి చదివించింది. ఏ ఊరి పాలు ఎక్కడ ఆగాయో, ఎక్కడ విరిగిపోయాయో వెంటనే చూపించే ఏర్పాటంతా ఆమె ఒక్కతే తయారుచేసింది. నాకు చేతకాని పని అది. లోలోపల కుళ్లుకున్నాను కూడా.

కాంట్రాక్టు వాళ్లలో ఒకరిని పర్మినెంటు చేస్తామన్నారు. పోటీలో సలోమి, మా మేనేజర్ బామ్మర్ది. ఎవరు ఏం చేశారో చూడటానికి హెడ్డాఫీసు వాళ్లు వస్తారని తెలిసింది. మేనేజర్ నన్ను గదిలోకి పిలిచాడు. సలోమి ఖాతా తీసేసి, ఆమె చేసినవన్నీ తన బామ్మర్ది పేరు మీద పెట్టమన్నాడు. పెట్టకపోతే నా సీటు కూడా ఉండదన్నాడు.

సలోమి భోజనానికి వెళ్లింది. కంప్యూటర్లో ఆదేశాలు కొట్టే నల్లటి తెర తెరిచి ఆమె ఖాతా తీసేసే ఆదేశం కొట్టాను. ఒక్క లైను. మెషీన్ ఒప్పుకోలేదు. ఈ పేరు మీద టేబుళ్లు, అంటే ఆమె తయారుచేసిన వివరాల పట్టికలు ఉన్నాయి, తీసెయ్యడం కుదరదని తిప్పికొట్టింది. ప్రాణం లేని మెషీన్ కాదనగలిగింది. ఇద్దరు పిల్లల తండ్రిని, నాకు నోరు రాలేదు. ఆమె చేసినవన్నీ అతని పేరుకు మార్చే ఆదేశం ఇంకో లైను. అదీ కొట్టాను. మళ్లీ మొదటిది కొట్టాను. ఈసారి ఖాతా పోయింది.

ఇక్కడిదాకా భయం అనుకోండి. ఆ తర్వాత చేసిందాన్ని ఏమంటారు?

ఆమె తిరిగొచ్చి కూర్చుంది. కాసేపు కీబోర్డుతో కుస్తీపట్టి నా వైపు తిరిగింది.

"అన్నా, లోపలికి రానిస్తలేదు. జర చూడవా?"

"సిస్టమ్ల ఏదో అయ్యింది చెల్లె. నీ ఖాతా పోయింది."

"మరి నేను చేసినయన్నీ సార్ బామ్మర్ది పేరు మీద ఎట్ల కనవడుతున్నయ్? ఇప్పుడే వచ్చేటప్పుడు చూసిన ఆయన కంప్యూటర్ల."

"ఏమో, సమజైతలేదు."

"రోజూ నువ్వు కాపీ తీస్తవ్ గదా. పాత కాపీల నా పేరుంటది. గదొక్కటి చూపెట్టన్నా, చాలు."

"అది గూడ ఖరాబైంది చెల్లె."

ఖరాబు కాలేదు. కాపీ ఉన్న డిస్కు నా డ్రాయర్లోనే ఉంది. అయినా సాయంత్రం దాకా ఆమె పక్కన కూర్చుని, దాని కోసం వెతుకుతున్నట్టు నటించాను.

హెడ్డాఫీసు వాళ్లు వచ్చారు. ఇన్నాళ్లు ఏం చేశావమ్మా అని అడిగారట. చూపించడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. ఉన్న కాంట్రాక్టు కూడా తీసేశారు. బామ్మర్ది పర్మినెంటు అయ్యాడు. ఆఫీసంతా సిస్టమ్‌ని తిట్టింది. సిస్టమ్ అట! ఆ మాట వింటే ఇప్పటికీ నా రక్తం మరుగుతుంది. ఎవడో ఒకడు కొట్టందే ఏ పేరూ దానంతటది పోదు. సిస్టమ్ మీద తోసేసి చేతులు దులుపుకునే ప్రతి ఆఫీసులోనూ నాలాంటి వెధవ ఒకడుంటాడు.

ఎందుకు చేశాను? భయమే అయితే, ఆ కాపీని ఎవరికీ తెలియకుండా ఆమె చేతిలో పెట్టొచ్చు కదా? అంత తెలివి, అదీ కూలికి పోయే ఇంటి నుంచి వచ్చిన పిల్లకి ఉండటం నాకు ఎక్కడో గుచ్చుకుంటూ ఉండేదా? ఉండేది. ఇది రాయడానికే ఇన్నేళ్లు పట్టింది.

ఈమధ్య షాద్‌నగర్ బస్టాండులో సలోమి ఎదురుపడింది. బట్టల దుకాణంలో పనిచేస్తోందట. పక్కన వాళ్లమ్మ. "గీ అన్ననే అమ్మా, గా దినం నా కోసం మస్తు తన్లాడిండు" అని నన్ను చూపించింది. ఆ పెద్దమనిషి నాకు చేతులెత్తి దండం పెట్టింది. నేను ఆపలేదు. దండం పెట్టించుకుని బస్సెక్కాను.

సలోమి ఇది చదువుతుందో లేదో తెలియదు. కాపీ బాగానే ఉండింది సలోమీ. నీ పేరు తీసింది నేను. ఈ ముక్క రాశాక కాస్త ఊపిరాడుతోంది, అంతే. క్షమించమని అడగను. ఎవరిని తిట్టాలో కూడా తెలియకుండా చేశాను నిన్ను. ఇప్పుడు తెలిసింది కదా, తిట్టు.